నాలుక కింది మాత్ర

"బాగుపడుతున్నవాళ్లు మధ్యలో మాత్రలెందుకు మానేస్తారు సార్?" అని నిరంజన్ అడిగాడు. వ్యసన చికిత్సా కేంద్రంలో డాక్టరుగా చేరి ఏడాది కాలేదు, అప్పటికే ముగ్గురు రోగులు చేజారిపోయారన్న కడుపుమంట అతనిది. పెద్ద డాక్టరు విశ్వపతి గారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ని కాసేపు ఉడికించడం ఆయనకు సరదా. "పద, మాత్రల గదిలో కూర్చుందాం" అన్నారు.

నల్లమందు మానడానికి వచ్చినవాళ్లు అక్కడ మాత్రను నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా నోరు మెదపకుండా కూర్చోవాలి. ఇంటివాళ్లొకరు పక్కనుండి సంతకం పెట్టాలి. ఆ రోజు లారీ డ్రైవర్ కొమురయ్య, భార్య సమ్మక్క పక్కనుండగానే, దగ్గు నటించి మాత్రను రుమాల్లోకి ఊసేశాడు. అది నిరంజన్ కంట పడనే పడింది.

ఒక్క ఉదుటున లేచి రుమాలు లాక్కున్నాడు. "మత్తు కోసం కొనేవాళ్లెవరికి అమ్ముతున్నావ్? ఏడు నెలలు మానినవాడివి, మళ్లీ నల్లమందు పాత మోతాదులో వేస్తే ప్రాణం పోతుందని తెలియదా?" సమ్మక్క ముఖం పాలిపోయింది. కొమురయ్య పళ్లు బిగించి గోడవైపు చూస్తున్నాడు. ఇంకొక్క మాటంటే లేచి వెళ్లిపోయేలా ఉన్నాడు.

విశ్వపతి గారు సమ్మక్కను కాసేపు బయట కూర్చోమని పంపి, తలుపు వేశారు.

"కొమురయ్యా, ఇంట్ల పక్క ఎక్కడేసుకుంటున్నవ్?"

ఇదేం ప్రశ్న అనుకున్నాడు నిరంజన్. కొమురయ్య మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు.

"అరుగు మీద సారూ. నాలుగు నెలలాయె. ఈ గోలీలతోని నేను ఆమెకు పనికొస్తలేను. ఇంకెవర్నో ఉంచుకున్నవని ఏడుస్తది. నల్లమందు తిన్నప్పుడే నయముండె. రేపు బండెక్కుతున్న, దారిల దొరుకుతది."

"ఈ గోలీలతోని గిట్లయితది. నీ ఒక్కనికే కాదు. రక్తం చూద్దాం, మోతాదు చూద్దాం, దీనికీ వైద్యముంది. నువ్వు సరేనంటే ఆమెకు నేనే చెప్త. గోలీ మాత్రం ఆపకు."

కొమురయ్య మొహం తుడుచుకున్నాడు. కొంతసేపటికి మాత్ర కోసం చెయ్యి చాపాడు. నిరంజన్ ప్రాణం కుదుటపడింది, వెనకే సిగ్గూ వేసింది.

"నేను ప్రతి నెలా అడిగాను సార్, ఇబ్బందేమీ లేదనే అన్నాడు" అన్నాడు బయటికొచ్చాక.

"అప్పుడు సమ్మక్క ఎక్కడుంది?"

"పక్కనే. సంతకం పెట్టాలి కదా..."

విశ్వపతి గారు కొమురయ్య కాగితాలు అతని ముందుకు జరిపారు. "ఏడు నెలలూ 'ఇబ్బంది లేదు' అని రాశావు. అది కొట్టేసి, 'అడగలేదు' అని రాయి."