ముళ్ళపంది విరవనివ్వని లెక్క

ఇప్పలకోన అడవిలో ఇప్పచెట్లు ఎక్కువ, నీళ్ళు తక్కువ. దుప్పులు, కొండముచ్చులు, కొంగలు, ముంగిసలు, ముళ్ళపందులు, ఒక ముసలి ఉడుము ఆ అడవిలో కాపురం ఉండేవి. వేసవి వస్తే వాగు ఎండిపోయేది. అడవి మొత్తానికి ఊటమడుగు ఒక్కటే మిగిలేది.

ఏటా ఆ రోజుల్లోనే, ఎండిన వాగు ఇసుకలో లెక్కల గోష్ఠి జరిగేది. గోష్ఠి అంటే పెద్ద సభ ఏమీ కాదు. లెక్కల పిచ్చి ఉన్న నాలుగు జీవాలు ఒకచోట కూర్చునేవి, అంతే. ఒక పని ఎన్ని రకాలుగా జరగవచ్చు, అసలు జరిగే అవకాశం ఎంత అని తర్కించుకునేవి. మిగతా జంతువులు వాటిని చూసి నవ్వేవి. చిక్కు వచ్చినప్పుడు మాత్రం వాటి దగ్గరికే వచ్చేవి.

గోష్ఠికి పెద్ద ముసలి ఉడుము. అది పెట్టిన నియమం ఒకటుంది. లెక్క చెప్పినవారు చెప్పాక కూర్చోవాలి. వేరొకరు లేచి ఆ లెక్కను విరవడానికి చూడాలి. దానికి 'విరుపు' అని పేరు. విరుపుకు నిలిచిన లెక్కనే ఉడుము తన గోళ్ళతో బండ మీద గీసేది. ఈ విషయంలో దానిది నిజంగా ఉడుంపట్టే.

గోష్ఠిలో అందరికన్నా చురుకైనది ముళ్ళపంది. అది వీపు మీది ముల్లు ఒకటి పీకి ఇసుకలో అంకెలు గీస్తుంటే చూడముచ్చటగా ఉండేది. ఆ సంగతి దానికీ తెలుసు. కొన్నేళ్ళుగా దాని లెక్క ఒక్కటీ విరగలేదు. అందుచేత విరుపు అనేది మిగతావారి కోసం పెట్టిన నియమమని దానికి మెల్లమెల్లగా అనిపించసాగింది.

ఆ ఏడు మొదట కొంగ లేచింది.

"మడుగులో వరసగా ఐదు రాళ్ళున్నాయి. మా ఇంట్లో కొంగలం ఐదుగురం. రాయికి ఒకరు చొప్పున నూట ఇరవై రకాలుగా నిలబడొచ్చు," అని చెప్పి కూర్చుంది.

ముంగిస విరుపుకు లేచింది. "వదినా, మీ అత్తగారు, నువ్వు పక్కపక్క రాళ్ళ మీద నిలబడతారా?"

కొంగ కాసేపు ఒంటికాలి మీద ఆలోచించింది. "చచ్చినా నిలబడం," అంది.

"అయితే అలాంటివన్నీ తీసెయ్యాలి కదా."

కొంగ మళ్ళీ లెక్క వేసుకుంది. "డెబ్బై రెండు," అంది. ఉడుము డెబ్బై రెండు అని బండ మీద గీసింది. కొంగ ఏమీ చిన్నబుచ్చుకోలేదు.

ముళ్ళపంది మాత్రం మూతి తిప్పుకుంది. లెక్కలోకి అత్తాకోడళ్ళ గొడవ లాక్కురావడం ఏమిటి అనుకుంది. నూట ఇరవై ఎంత అందంగా ఉంది!

అంతలో ఒక దుప్పి అక్కడికి వచ్చింది. దాని వెనకే, కాళ్ళు ఇంకా కుదురుకోని కూన.

"పెద్దమ్మా, కోనలోకి చిరుత దిగింది," అంది దుప్పి ఉడుముతో. "మడుగు పక్క పొదల్లోనే తిరుగుతోంది. మడుగు దగ్గర కాపలాకు గోరింక, కొండముచ్చు ఉన్నాయి. వాటి కేక ముందుగా వినిపిస్తే కూనను దాచుకోగలను. వినిపించకపోతే దీన్ని దక్కించుకోలేను. మడుగుకే తీసుకురానా? కొండ దాటి అవతలి ఏటికి తీసుకుపోనా? ఆ ఎండలో అంత దూరం నడిస్తే ఇది దారిలోనే పడిపోతుందేమోనని భయం."

ముళ్ళపంది ఒక ముల్లు పీకింది.

"గోరింక పది రోజుల్లో ఒక రోజు ఏమరుతుంది. కొండముచ్చూ అంతే. రెండూ ఒకే రోజు ఏమరాలంటే పదింట ఒకటిలో మళ్ళీ పదింట ఒకటి. అంటే నూరు రోజుల్లో ఒక్క రోజు. ఆలోపే వానలు పడతాయి. నిశ్చింతగా మడుగుకు తీసుకురా."

దుప్పి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ముంగిస మాత్రం లేచి నిలబడింది.

"కూర్చో బావా. విరుపు నాది."

"ఇందులో విరిచేదేముంది మరదలా? పదిని పదితో హెచ్చవేయడం ఆ కూనకు కూడా వచ్చు."

"హెచ్చవేత సరే. గోరింక ఏమరిన రోజున కొండముచ్చు ఏం చేస్తోందో చూశావా?"

"చూడటం ఎందుకు? ఒకటి పిట్ట, ఒకటి కోతి. దాని గూడు వేరు, దీని కొమ్మ వేరు. వాటి మధ్య చుట్టరికం ఏముంది?"

"ఉందో లేదో తెలియకుండా హెచ్చవేయకూడదు కదా. అదే నేను అడుగుతున్నా."

ముళ్ళపంది ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. నిజానికి అది చూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా దానికి రాలేదు. కోపం వచ్చింది అందుకే.

"నియమం అందరికీ ఒకటే. కూర్చో నాయనా," అంది ఉడుము.

"దాహంతో ఉన్న తల్లిని నిలబెట్టి ఇసుకలో కబుర్లు చెప్పుకుందామా, పెద్దమ్మా? రేపు పొద్దున మడుగులోకి అందరికన్నా ముందు నేనే దిగుతాను. నా లెక్కకు అదే విరుపు," అని ముళ్ళపంది గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

ఉడుము బండ మీద ఏమీ గీయలేదు. "ఒక్క పూట ఓర్చుకో తల్లీ, నేను వెళ్ళి చూసివస్తా," అని ముంగిస దుప్పితో అనడం ముళ్ళపందికి వినిపించింది. చూస్తే చూడనీ అని నవ్వుకుంది.

ఆ రాత్రంతా ఉక్క పోసింది. తెల్లవారేసరికి అడవి నేలంతా ఇప్పపూలే. గాలి కూడా తియ్యగా, పుల్లగా వాసన వేస్తోంది.

ముళ్ళపంది మడుగు గట్టుకు వచ్చి ఆగింది. దూరంగా ఒక బండ పక్కన దుప్పి, కూన నిలబడి చూస్తున్నాయి. ముళ్ళపంది చెవులు రిక్కించింది. గోరింక చెట్టు మీద చప్పుడు లేదు. కొండముచ్చు చెట్టు మీదా లేదు. ఒకరు కాదు, ఇద్దరు ఊరుకున్నారంటే ఇంక భయమేముంది అనుకుంది.

అప్పుడు ముంగిస పరుగెత్తుకు వచ్చింది. దాని కాళ్ళకు ఇప్పపూల రేకులు అంటుకుని ఉన్నాయి.

"ఆగు బావా. కాపలావాళ్ళిద్దరూ నిద్రలో ఉన్నారు."

"నూరు రోజులకు ఒకసారి జరిగేది సరిగ్గా ఇవాళే జరిగిందా?"

"నూరు కాదు, పది. ఉక్క పోసిన రాత్రి పూలు కుప్పలుగా రాలతాయి. చెట్ల కింద ఒక రాతి గుంటలో పడి పులుస్తాయి. గోరింక తినేది ఆ గుంటలోనే. కొండముచ్చు తినేదీ ఆ గుంటలోనే. తూలితే ఇద్దరూ కలిసే తూలతారు."

ముళ్ళపందికి వెంటనే అర్థమైంది. అది తెలివితక్కువది కాదు. నూరు వచ్చిన చోట పది ఎలా వచ్చిందో దానికి ఒక్క క్షణంలో కళ్ళకు కట్టింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగితే సరిపోయేది.

కానీ దుప్పి చూస్తోంది. ముంగిస చూస్తోంది. ఇప్పుడు వెనక్కి తిరిగితే లెక్క అందరి ముందూ విరిగినట్టే. ముళ్ళపంది మడుగులోకి దిగి తల వంచింది.

పొద కదిలింది. చిరుత ఒక్క దూకులో దాని మీద పడింది. ముళ్ళపంది చప్పున వీపు తిప్పింది. చిరుత పంజా నిండా, మూతి నిండా ముళ్ళు దిగాయి. అది అరుచుకుంటూ పొదల్లోకి పారిపోయింది. ఆ అరుపుకు కొండముచ్చు కొమ్మ మీద అటు నుంచి ఇటు ఒత్తిగిల్లింది. గోరింక అదీ చేయలేదు.

ముళ్ళపంది గట్టుకు పాకింది. దాని వీపు ఒక పక్కన ముల్లన్నది మిగలలేదు. వెనక కాలు ఒకటి ఈడ్చుకుంటోంది.

దుప్పి దగ్గరికి వచ్చి చూసింది. "నీకు ముళ్ళున్నాయి. నా కూనకు ఏమున్నాయి?" అంది. కూనను తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట ముళ్ళపందికి కాలి గాయం కన్నా లోతుగా దిగింది.

కొన్నాళ్ళకు చిరుత గాయాలు మాని మళ్ళీ మడుగు వైపు వచ్చింది. గోష్ఠి మళ్ళీ కూడింది. ఈసారి లెక్క చెప్పింది ముంగిస.

"గోరింక, కొండముచ్చు ఇద్దరు కారు. లెక్కకు ఒక్క కాపలానే. ఇంకో కాపలాకు తీతువు పిట్టను పెడదాం. అది పురుగులు ఏరుకు తింటుంది. ఇప్పపూల జోలికి పోదు."

"తీతువు కూత అపశకునం అంటారే," అంది కొంగ.

"చిరుతకు," అని ముంగిస కూర్చుంది.

"విరుపుకు ఎవరు?" అని ఉడుము అడిగింది. ముళ్ళపంది మూడు కాళ్ళ మీద మెల్లగా లేచింది.

"తీతువు కేక ఎప్పుడు వినిపించదు?"

"దుమ్ముగాలి రేగినప్పుడు."

"ఆ గాలిలో గోరింక కేక, కొండముచ్చు కేక వినిపిస్తాయా?"

"చూడలేదు బావా. చూసివచ్చి చెబుతా," అంది ముంగిస.

దుమ్ముగాలి రేగిన రోజున వెళ్ళి చూసింది. ఒక్క కేకా వినిపించలేదు. ఉన్న సంగతి ఉన్నట్టు వచ్చి చెప్పింది. దుమ్ముగాలి వీస్తుండగా ఎవరూ మడుగులోకి దిగకూడదని ఇంకో మాట చేర్చారు. అప్పుడు ఉడుము ఆ లెక్కను బండ మీద లోతుగా గీసింది. వానలు వచ్చేదాకా దుప్పి కూన ఊటమడుగులోనే నీళ్ళు తాగింది.

ఉడుము తరవాత గోష్ఠికి పెద్ద ముంగిసే అయింది. ముళ్ళపందికి కొత్త ముళ్ళు వచ్చాయి గానీ పొట్టివి, గీయడానికి పనికిరానివి. అది నోటితోనే లెక్క చెప్పేది. చెప్పగానే కూర్చుని, "ఎవరు లేస్తారు?" అని తానే అడిగేది.

నీతి: తన లెక్కను తోటివారి ముందు విరుపుకు పెట్టనివాడికి, దాన్ని కష్టమే వచ్చి విరిచి చూపిస్తుంది.