పదమూడో అర

వేరుశనగ చేను పక్కన ఒక రాతిగట్టు ఉంది. ఆ గట్టు మీద బతికే జంతువులకు ఏడాదికి ఒకటే సంపాదన. కార్తీకంలో రైతు చెట్లు పీకి, కాయలు తెంపి, బండికెత్తుకుని పోయాక మట్టిలో మిగిలిన కాయలే వాళ్ళ రాబడి. మళ్ళీ కార్తీకం దాకా దాంతోనే గడపాలి. మధ్యలో గడ్డిగింజలు ఉంటాయి కదా అని మీరు అనవచ్చు. ఆ సీమలో వాన ఎంత కురుస్తుందో తెలిస్తే అనరు.

అందుకని గట్టు మీద ఒక పద్ధతి ఉండేది. ప్రతి ఇంట్లోనూ పన్నెండు అరలు తవ్వుకోవాలి. ఉన్న కాయల్ని పన్నెండు పాళ్ళు చేసి నింపి, ఒక్కో అర నోటికీ తడిమట్టి మెత్తి, దాని మీద ఇంటి యజమాని పాదం గుర్తు వెయ్యాలి. అమావాస్యకు ఒక అర తెరవాలి. నెల మధ్యలో ప్రాణం మీదికి వచ్చినా రెండో అర జోలికి పోకూడదు. అమావాస్య పొద్దున అందరూ ఒకరి ముందు ఒకరు అరలు తెరుస్తారు. ఎవరి అరలోనైనా చెమ్మ దిగి కాయ బూజు పట్టి ఉంటే, మిగతా ఇళ్ళవాళ్ళు తలా పిడికెడు తెచ్చి పోస్తారు. తీసుకున్నవాళ్ళు తల దించుకోనక్కర్లేదు. ఇచ్చినవాళ్ళు మీసం తిప్పనక్కర్లేదు. వచ్చే నెల ఎవరి గోడకు చెమ్మ దిగుతుందో ఎవరికి తెలుసు?

ఆ గట్టు మీద పొదుపుకు పేరు ఓబులక్క అనే ఎలుకది. ఏడుగురు పిల్లలు. మొగుడు తిప్పయ్యకు నాగలి కర్రు తగిలి వెనకకాలు చచ్చుబడింది. బయటికి పోలేడు గానీ అరలకు మట్టి మెత్తడంలో వాడిని మించినవాడు లేడు. ఓబులక్క పప్పుల్ని మంచులో నానబెట్టి పెట్టేది. నానిన పప్పు రెండు తింటే నాలుగు తిన్నట్టు కడుపు నిండుతుంది. కాయ పొట్టు కూడా పారెయ్యదు, పిల్లల కింద పరుపు వేస్తుంది. అలాంటి మనిషి ఆ ఏడు పదమూడో అర తవ్వింది.

తుమ్మచెట్టు మీదుండే మద్దిలేటి అనే ఉడుత కిందికి తొంగిచూసి నవ్వాడు. “ఏందక్కా, పన్నెండు చాలకపోయినాయా?”

“మా అవ్వ రైతు ఇంటి అటక మీద పుట్టింది మద్దిలేటీ. పంచాంగం చదువుతాంటే విన్నదంట. రెండేండ్లు పన్నెండు అమావాస్యలొస్తే, మూడో ఏడు పదమూడు వస్తాయంట. ఈ ఏడు మూడోది. నువ్వు కూడా ఒకటి తవ్వుకో నాయనా.”

“పన్నెండు నింపేలోపే నా నడుం పడిపోయింది. నీ అవ్వకు లెక్క రాదులే అక్కా!”

చీమలకు చెప్పింది. అవి ఆగి వినే రకం కాదు. మిగతా ఎలుకలకు చెప్పింది. అవీ నవ్వాయి. మూడేళ్ళకు ఒకసారి వచ్చేదాన్ని గుర్తుపెట్టుకునేంత ఆయుష్షు ఆ గట్టు మీద ఎవరికుంది గనక? ఓబులక్క తన పన్నెండు అరల్లోంచీ కాస్త కాస్త తగ్గించి పదమూడోది నింపుకుంది. నింపింది గానీ మనసు కుదుటపడలేదు.

“ఏమే, అట్లా కూర్చున్నావు?” అన్నాడు తిప్పయ్య ఒకరోజు.

“పదమూడో నెలలో మన పిల్లోళ్ళు తింటాంటే, మద్దిలేటి పిల్లోళ్ళు చూస్తా కూర్చుంటారా? పిలిచి పెడితే మన అర నాలుగు దినాలు రాదు. పెట్టకపోతే నా నోట్లోకి ముద్ద పోదు. ఏం చేద్దామయ్యా?”

తిప్పయ్య ఎదురుగా ఉన్న అర నోటికి ఇంకో పూత మట్టి మెత్తాడు.

గట్టు చివర పెద్ద బండ కింద గుండప్ప అనే పందికొక్కు కాపురం. మిగతావాళ్ళు మట్టిలో ఏరుకుంటుంటే, వాడు కళ్ళంలో కుప్ప కిందనుంచి కన్నం వేసి తెచ్చుకునేవాడు. అరలూ గిరలూ లేవు, ఒకటే పెద్ద గొయ్యి. చెమ్మ ఎరగని చోటు. ఆకలేసినప్పుడు తినేవాడు, ఆకలి లేనప్పుడు రుచి కోసం తినేవాడు. అమావాస్య కూటానికి ఏనాడూ వచ్చిన పాపాన పోలేదు. “నేను పిడికెడు ఇయ్యను, పిడికెడు అడగను” అనేవాడు. అయితే ఒకటి మాత్రం అడగకుండానే తీసుకునేవాడు. జెర్రిపోతు పాము గట్టు మీదికి వస్తే చెట్టు మీదనుంచి మద్దిలేటి కేక వేస్తాడు. ఆ కేక వినబడగానే అందరికంటే ముందు బొరియలో దూరేది గుండప్పే.

ఫాల్గుణ అమావాస్య నాడు ఓబులక్క అరలో చెమ్మ దిగింది. కాయలు సగం బూజు పట్టాయి. ఇరుగుపొరుగు తలా పిడికెడు తెచ్చి పోస్తుండగా, ఎన్నడూ రాని గుండప్ప పొట్ట ఈడ్చుకుంటూ వచ్చాడు.

“పొయ్యండప్పా, పొయ్యండి. ఆమె ఇంట్లో ఒక నిండు అర అదనంగా ఉండాది. మీరు మీ పిల్లోళ్ళ నోటికాడిది తీసి ఆమెకు పొయ్యండి.”

పిడికిళ్ళు ఆగిపోయాయి.

“అది పదమూడో నెలకు” అంది ఓబులక్క.

“ఏడాదికి నెలలెన్ని? ఏమప్పా శేషప్పా, పన్నెండే కదా?”

శేషప్ప అనే తొండ బండ మీద ఎండ కాగుతున్నాడు. తల పైకీ కిందికీ ఊపాడు. గట్టు మీద ఏ పంచాయితీకైనా వాడే సాక్షి. తొండలకు తల ఊపడం పుట్టుకతో వచ్చిన అలవాటని అందరికీ తెలుసు. అయినా అంత పెద్దమనిషి తల ఊపితే ఎవరికి కాదనబుద్ధి వేస్తుంది?

“చూసినారా!” అన్నాడు గుండప్ప. “రాని నెల పేరు చెప్పి దాచుకుంటాంది. ఆ అర అందరికీ పంచాలా. కాదంటే నా దగ్గర పెట్టండి, నా గోతిలో చెమ్మ దిగదు.”

మద్దిలేటి నసిగాడు. “అక్కా, నిన్ను అనుమానపడతాండామని కాదు గానీ... మా ఇంట్లోనూ పిల్లోళ్ళున్నారు కదా.”

ఆ మాట ఓబులక్కకు గుచ్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బూజు పట్టిన కాయకు కూడా ఆమె అంత బాధపడలేదు. ఈ అనుమానం ఒకసారి ఇంట్లో దూరితే ఇక గట్టు మీద పిడికెడు పోసే చెయ్యి ఉండదు. కుంటి మొగుడితో, ఏడుగురు పిల్లలతో వైశాఖం ఎండలు దాటేదెట్లా? కాసేపు నేల చూసింది. తర్వాత గుండప్ప పొట్ట చూసింది. ఆ పొట్ట వెనక ఉన్న గొయ్యి కూడా ఆమెకు కనబడింది.

“సరే మామా. ఆ అర నువ్వే తీసుకో. పంచేది కూడా వద్దు, అంతా నీదే.”

“ఏమే!” అన్నాడు తిప్పయ్య.

“నువ్వుండయ్యా. మామా, పదమూడో నెల లేదని కదా నువ్వంటాండేది? రాని నెలకు మాటిచ్చేదానికి నీకేం భయం? ఒకవేళ వస్తే, ఆ నెలంతా గట్టు మొత్తం నీ ఇంట్లో తింటుందని మాటియ్యి. కొలిచి పెట్టేది మాత్రం నేను.”

గుండప్ప పగలబడి నవ్వాడు. లేని నెలకు బదులు నిండు అర! “రెండు నెలలు పెడతా పో!” అన్నాడు.

“ఒకటి చాలు మామా. అర తీసుకున్నవాడు దాని మట్టి మీద పాదం గుర్తు వెయ్యాలనేది గట్టు పద్ధతి.”

కాయలన్నీ గుండప్ప గోతికి చేరాయి. ఖాళీ అర నోటికి తిప్పయ్య తడిమట్టి నున్నగా మెత్తాడు. గుండప్ప తన వెడల్పాటి పాదాన్ని దాని మీద బలంగా నొక్కి, మీసాలు దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కాయలు వారం తిరక్కుండానే తినేశాడు.

ఎండలు వచ్చాయి, పోయాయి. ఆషాఢం వెళ్ళింది. శ్రావణ అమావాస్యకు ఒక అర తెరిచారు. తర్వాత భాద్రపదం రావాలి గదా? చేలోకి వచ్చిన రైతు ఇంటివాళ్ళు ఇదింకా శ్రావణమే, మొన్నటిది అధికం, ఇప్పుడు నిజం అన్నారు. మద్దిలేటి ఆ మాట విని తుమ్మకొమ్మ మీద కూర్చుండిపోయాడు. దిగి వచ్చి ఓబులక్క గడప ముందు నిలబడ్డాడు. “అక్కా, నీ అవ్వకు లెక్క వచ్చు” అన్నాడు.

ఆశ్వయుజ అమావాస్య నాటికి ప్రతి ఇంట్లోనూ పన్నెండు అరలూ ఖాళీ. ఎదురుగా చేను పచ్చగా నిలబడి ఉంది గానీ కాయ ఇంకా లేత. పైగా పీకకముందు చేలో గోరు పెడితే రైతు ఎలుకల మందు పెడతాడు. అందరూ కలిసి పొద్దున్నే బండ దగ్గరికి వెళ్ళారు.

“మామా, నెలొచ్చింది” అంది ఓబులక్క.

“ఏ నెల? ఏ మాట?” అన్నాడు గుండప్ప గుమ్మానికి అడ్డంగా పొట్ట పెట్టి. “నేనేం మాటియ్యలేదు. ఏమప్పా శేషప్పా, నేనేమన్నా మాటిచ్చినానా? లేదు కదా?”

శేషప్ప తల ఊపాడు.

“సాక్షి చెప్పినాడు. ఇంక పోండి.”

“శేషప్ప మామా” అంది ఓబులక్క, “గుండప్ప మామ మాటిచ్చినాడు కదా?”

శేషప్ప తల ఊపాడు.

“చేను మీద రెండు పొద్దులు పొడిచినాయి కదా?”

శేషప్ప అంతే గంభీరంగా ఊపాడు. ఆకలితో ఉన్న పిల్లలు కూడా నవ్వారు.

“సాక్షి సంగతి తేలింది. పద మామా, నా గోడ చూద్దాం.”

పదమూడో అర మీద మట్టి రాయిలా గట్టిపడి ఉంది. దాని నడుమ అంత వెడల్పు పాదం గుర్తు గట్టు మొత్తం మీద ఒక్కడిదే. గుండప్ప ఒకసారి గుర్తు చూశాడు, ఒకసారి తన పాదం చూసుకున్నాడు, గబుక్కున పొట్ట కింద దాచుకున్నాడు.

“నాదే అనుకో. అయితే ఏంది? ఇయ్యనంటే ఏం చేస్తారు?”

“మేమేం చెయ్యగలం మామా, చిన్నోళ్ళం” అన్నాడు మద్దిలేటి. “నాకు తిండి లేకపోతే కొమ్మ చివరిదాకా ఎక్కేకి ఓపిక ఉండదు. ఎక్కకపోతే జెర్రిపోతు కనపడదు. కనపడకపోతే కేక రాదు. అంతే.”

చుట్టూ గడ్డి కదిలితే గుండప్ప ఉలిక్కిపడ్డాడు. అది గాలి. అయినా గుమ్మంలోంచి పొట్ట పక్కకు జరిగింది.

ఆ నెలంతా గట్టు మొత్తం బండ కింద తిన్నది. ఓబులక్క గొయ్యిని ముప్పై పాళ్ళు చేసి తిప్పయ్యతో మట్టి గోడలు కట్టించింది. పప్పులు మంచులో నానబెట్టింది. ఇంటింటికీ పిడికిలితో కొలిచి పెట్టింది. గుండప్పకూ అదే పిడికిలి. మొదటి వారం వాడు ఏడ్చాడు. రెండో వారం తిట్టాడు. మూడో వారానికి బండ పక్క సందులోంచి బయటికి పట్టేంత సన్నబడ్డాడు. పిల్లల్లో ఒక్కటి కూడా చావలేదు. గట్టు మీద అధిక మాసం దాటి పిల్లలందరూ మిగలడం అదే మొదటిసారి.

కార్తీకం చివరికి వచ్చింది, రైతు చెట్లు పీకాడు. గుండప్ప గోతిలో ఇంకా నాలుగు పాళ్ళు మిగిలి ఉన్నాయి.

“ఇంతమంది తింటే ఇది ఎట్లా మిగిలింది?” అన్నాడు వాడు నమ్మలేక.

“నువ్వు ఒక్కడివే నెలకు తినేది మేమందరం తిన్నాం మామా” అంది ఓబులక్క, పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటికి పోతూ. “ఈ ఏడు పన్నెండు అరలు చాలు. తవ్వుకోవాలనిపిస్తే తిప్పయ్య వచ్చి మట్టి మెత్తుతాడు.”

అందరూ వెళ్ళాక గుండప్ప బండెక్కి శేషప్ప పక్కన చతికిలబడ్డాడు.

“శేషప్పా, ఆ చిన్న ఎలుక నన్ను మోసం చేసిందంటావా?”

శేషప్ప తల ఊపాడు.

“లేకపోతే నేనే తెలివితక్కువోణ్ణి అంటావా?”

శేషప్ప ఈసారి రెండుసార్లు ఊపాడు.

నీతి: ఒక్కడు దాచుకున్న గొయ్యి వాడి పొట్టకే చాలదు, నలుగురు కొలుచుకు తిన్న పిడికెడు ఏడాదిని దాటిస్తుంది.