ఇసుకమొగ తోవతల్లి

ఏరు సముద్రంలో కలిసే చోట, మొగలిపొదల నడుమ ఇసుకదిబ్బపై వెలసిన తల్లి తోవతల్లి. ఈ గుడికి రోడ్డున్నా మొక్కుబడి గలవారు బండి ఎక్కరు. ఉత్తరాన రాళ్లపేట నుండి అలల అంచున కొన్ని రోజులు కాలినడకన వచ్చి, పొద్దువాలిన చోట జాలరుల తాటాకు గుడిసెల్లో విశ్రమిస్తారు. వారు పోసిన గంటి (సజ్జల) అంబలినే ప్రసాదంగా స్వీకరిస్తారు.

పూర్వం రాళ్లపేటలో కొర్లమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త లచ్చన్న తెప్పపై వేటకు వెళ్లిన నాడు పెనుగాలి రేగింది. తక్కిన తెప్పలన్నీ ఒడ్డు చేరాయి, అతనిది రాలేదు. పెద్దలు కర్మ చేయమన్నారు. కొర్లమ్మ ఒప్పుకోక, రోజూ అతనికీ కూడు వండి మూతపెట్టి ఉంచేది. ఒక తెల్లవారుజామున ఎర్రచీర కట్టిన ముత్తయిదువ కలలో కనిపించి, “నీళ్ల అంచు పట్టి దక్షిణంగా నడువు. ఎవరు చోటిస్తే వారి గుడిసెలో తలవాల్చు. నడక ఆగిన చోట నీకు మనిషి దొరుకుతాడు” అని ఆనతిచ్చింది.

కొర్లమ్మ బయలుదేరింది. భర్త పేరు భార్య పలకని కాలమది. ఏ గుడిసెలో ఎవరడిగినా, “ఎడమ చెవికి పోగుంటాది. నవ్వితే కళ్లు మూసుకుపోతాయి” అని మాత్రమే చెప్పేది. “ముందుకెల్లి అడుగమ్మా” అనేవారు వాళ్లు. ఉప్పుమళ్లు దాటి, జీడితోటలు దాటి చివరకు ఈ ఏటిమొగ చేరింది. ఒక మనిషిని అల ఒడ్డుకు తోసిందనీ, బతికే ఉన్నాడనీ ఇక్కడివారు చెప్పగానే పరుగున గుడిసెలోకి వెళ్లింది.

“ఇదిగో, నానొచ్చాను” అంది. చాపపై పడుకున్న మనిషి ఇటు తిరిగాడు. అతను లచ్చన్న కాడు.

కొర్లమ్మ ఇసుకలో కూలబడి, “మనిషి దొరుకుతాడంటే నా మనిషే అనుకున్నానే తల్లీ!” అని విలపించింది. ఆ మనిషి పేరు నీలయ్య. ఎండకూ ఉప్పునీటికీ కళ్లు పోయాయి. “అప్పా, మాది కొమరవాడ. మా ఇంటిది గుమ్మంలోనే కూకునుంటాది. నన్ను తీసుకెల్లవా?” అని ఆమెను అక్కగా పిలిచి వేడుకున్నాడు. ఆ మాటతో ఆమె ఏడుపు ఆగింది. లేచి అతని చెయ్యి పట్టుకుంది.

వచ్చిన గుడిసెల మీదుగానే అతన్ని నడిపించింది. కొమరవాడలో నీలయ్య భార్య ఎదురొచ్చి మొగుడి ముఖం తడుముతుంటే కొర్లమ్మ కాసేపు చూసి, చెప్పకుండానే వెనుదిరిగింది. మళ్లీ ఇక్కడికే వచ్చి, తనవారిని వెతుక్కుంటూ వచ్చేవారికి వండిపెడుతూ ఉండిపోయింది.

మరుసటి ఏడు నీలయ్య భార్య చెయ్యి పట్టుకుని నడిచి వచ్చాడు. రాళ్లపేటలో పేరు తెలుసుకుని వచ్చిన అతను మోకాటిలోతు నీటిలో నిలిచి, “లచ్చన్నా! అప్ప ఈడుందయ్యా!” అని గొంతెత్తి పిలిచాడు. అన్నాళ్లుగా తన నోట పలకలేని పేరు అలల మీద వినిపించేసరికి కొర్లమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె కాలం చేశాక వలలో దొరికిన నల్లరాతి మూర్తిని ఆమె వండిపెట్టిన గుడిసెలోనే తోవతల్లిగా ప్రతిష్ఠించారు.

నేటికీ ఇక్కడ ఎవరూ తమవారి పేరు తాము పిలవరు. దారి గుడిసెల్లో ఒకరికొకరు చెప్పుకుని, తెల్లవారి నీటిలో నిలిచి ఒకరి కోసం మరొకరు పిలుస్తారు. దూరమైనవారంతా తిరిగివస్తారని తోవతల్లి మాట ఇవ్వలేదు. పరాయి గొంతులో తనవారి పేరు విన్నవారికి మాత్రం ఆ రాత్రి కంటినిండా నిద్ర పడుతుందని భక్తులు చెబుతారు.