ఎదురుగా కూర్చున్న మనిషి

సాబిరా తీసిన పాట వీడియోకి అన్నీ కుదిరాయి. ఒక్క హాజ్రా మాత్రం ఒప్పుకోలేదు.

"ఇందుల నేనేడున్ననే?" అంది హాజ్రా, ఫోను తిరిగి సాబిరా చేతిలో పెడుతూ.

"ఇదుగో, ఇది నీ చెయ్యే గద. పాటంత నీ గొంతే."

"గొంతు నాది, మొకం నీది. బాగ పంచినవ్."

"అట్ల కాదే. ఎదురెదురుగ కూసుంటె ఒకల వీపు కెమెరాకు అడ్డమొస్తది. ఫ్రేము ఖరాబైతది."

"పెండ్లి వీడియోలు తీసుకుంట బతుకుతున్నవ్. ఎదురెదురుగ కూసున్న ఇద్దరిని తియ్యరాదా నీకు?"

హాజ్రా వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంది.

"ఆదివారం నేను రాను. నా గొంతు గూడ తీసెయ్యి అందులకెళ్లి" అని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఇక ఆ గదిలో మాట్లాడినా వినబడదు.

ఇద్దరూ హైదరాబాదు సిద్దీలు. ఎన్నో తరాల వెనక ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంలో పనిచేసినవాళ్ల వారసులు. ఆ ఒంటి రంగు, ఆ ఉంగరాల జుట్టు ఇంకా పోలేదు. బస్సెక్కితే "ఏ దేశం మీది?" అని ఇంగ్లీషులో అడిగేవాళ్లు ఉంటారు. బస్తీలో మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఒకే గదిలో ఉంటున్న ఈ ఇద్దరాడవాళ్లు ఒకరికొకరు ఏమవుతారో అందరికీ కొంచెం కొంచెం తెలుసు. దోస్తులు అనుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అడిగేవాళ్లకీ అడగనివాళ్లకీ తేడా ఏమీ లేదంటుంది హాజ్రా. ఇద్దరికీ మనం కనబడం, అంటుంది.

కనబడాలనే ఈ పాట చేశారు. ఆదివారం నగరంలో ఒక చిన్న హాల్లో ప్రదర్శన ఉంది. ఆడవాళ్లనే ప్రేమించి, వాళ్లతోనే బతుకుతున్న నల్లజాతి ఆడవాళ్లు దేశదేశాల నుంచి తమ పాటలూ వీడియోలూ పంపారు. హైదరాబాదు నుంచి ఇదొక్కటే. మాటలు ఇద్దరూ కలిసి కట్టుకున్నారు. దక్కనీ ఉర్దూలో ఉన్నవాటిని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటాయి:

*మా తాత గుర్రమెక్కి వచ్చిండు ఈ ఊరికి,*
*నేనేమెక్కి రావాలె నీ వాకిటికి?*

ఆ వాకిలి ఎవరిదో ఆ మనిషే ఇప్పుడు రానంటోంది.

సాబిరా ఫోను పట్టుకుని జైతూన్ బీ ఇంటికి నడిచింది.

ఆ బస్తీలో మగవాళ్లు బరాత్‌ల ముందు మర్ఫా డప్పులు వాయిస్తారు. ఆడవాళ్లు ఇళ్లలో, పెళ్లి ముందు రోజుల్లో, ఢోలక్ పెట్టుకుని పాడతారు. ఢోలక్ నేర్వాలంటే జైతూన్ బీ దగ్గరికే పోవాలి. డెబ్బై దాటిన మనిషి. ఎవరినీ పొగడదు, ఎవరినీ పొమ్మనదు. ఆమెతోపాటు ఆ ఇంట్లో రుఖియా ఉంటుంది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఉంటోంది. బస్తీలో వాళ్ల పేర్లు విడివిడిగా పలకరు. జైతూన్-రుఖియా వచ్చారా అనే అడుగుతారు.

ఢోలక్‌కి ఒక పద్ధతి ఉంది. ఒకరు ఒళ్లో పెట్టుకుని రెండు వైపులా చేతులతో వాయిస్తారు. ఇంకొకరు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, స్టీలు చెంచాతో ఢోలక్ చెక్క మీద తాళం కొడతారు. వాయించేవాళ్లు పాట ఊపులో ముందుకి ఉరికినా, ఆ చెంచా పోనివ్వదు. జైతూన్ బీ ఢోలక్‌కి చెంచా ఎప్పుడూ రుఖియాదే.

జైతూన్ బీ వీడియో మొత్తం చూసింది. మళ్లీ ఒకసారి చూసింది.

"మంచిగున్నవ్ బేటీ" అంది. "మొత్తం నువ్వే ఉన్నవ్."

సాబిరా తల దించుకుంది.

"చెంచా సప్పుడేది?"

"హాజ్రా కొట్టిందంత తీసేసిన ఉస్తానీ. రికార్డింగుల చెవికి గుచ్చుకుంటంది. దాని బదులు కంప్యూటర్ తాళం పెట్టిన. సాఫ్‌గుంటదని."

స్టవ్ దగ్గర ఛాయ్ వడకడుతున్న రుఖియా ఇటు తిరిగింది.

"విన్నవా జైతూన్? ఇన్నేండ్ల సంది నేను నీ చెవుల గుచ్చుకుంట ఉన్ననంట. ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"మిమ్మల్ని కాదు ఖాలా" అంది సాబిరా కంగారుగా.

"నన్ను కాదులే, నా చెంచాను. తాగు."

జైతూన్ బీ నవ్వలేదు. గోడకి ఆనించి ఉన్న ఢోలక్ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. చెంచా సాబిరాకి ఇచ్చింది.

సాబిరా ఎప్పుడూ చెంచా పట్టలేదు. నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజు నుంచీ ఆమె చెయ్యి తోలు మీదే. తనకంటే బాగా వాయించే పిల్ల బస్తీలో లేదని ఆమెకి తెలుసు. చెంచా అంటే పాట రానివాళ్లూ, వాయించడం రానివాళ్లూ పట్టుకునేదని అనుకునేది.

"నీ డబ్బా గూడ పెట్టు" అంది జైతూన్ బీ. "నీకు అది లేంది నడువది గద."

సాబిరా ఫోనుని కిటికీ దగ్గర నిలబెట్టి, వీడియో నొక్కి, వచ్చి ఎదురుగా కూర్చుంది. జైతూన్ బీ వాళ్ల పాటే ఎత్తుకుంది. మా తాత గుర్రమెక్కి. నెమ్మదిగా మొదలుపెట్టి రెండో చరణంలో ఊపు పెంచింది.

ఆమె వాయింపులో ఒక విసురు ఉంది. ఎడమ చెయ్యి తోలు మీద పడి, ఒక్కొక్కసారి చెక్క మీదికి జారి, మళ్లీ తోలు మీదికి పోతుంది. అది ఎప్పుడు జారుతుందో చెవికి తెలియదు. ముందు భుజం కదులుతుంది, కళ్లు కొంచెం చిన్నవవుతాయి. ఎదురుగా ఉన్న మనిషి అది చూసి చెంచా ఆపుకోవాలి.

సాబిరా కళ్లు కిటికీ వైపు ఉన్నాయి.

చెంచా జైతూన్ బీ వేలి మీద పడింది. గట్టిగానే పడింది.

పాట ఆగింది. రుఖియా ఒక్క అంగలో వచ్చి, ఆ వేలు పట్టుకుని చూసి, తడిగుడ్డ తెచ్చి చుట్టింది.

"ఎటు చూస్తున్నవ్?" అంది జైతూన్ బీ.

"కెమెరా దిక్కు."

"పొయ్యి మీది పాలా పొంగనీకి?"

సాబిరా చెంచాని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. బస్తీ కమిటీ పెద్ద ఇక్బాల్ చాచా పోయిన వారం దారిలో ఆపి అన్న మాట ఆమెకి రోజూ వినబడుతూనే ఉంది. మన ఢోలక్ అందరికీ చూపించు బేటీ, బస్తీకి పేరొస్తది. ఇండ్లల్ల సంగతులు మాత్రం అందుల పెట్టకు. నవ్వుతూనే అన్నాడు.

"నేను హాజ్రా దిక్కు చూస్తే, చూసినోళ్లందరికి తెల్సిపోతది ఉస్తానీ" అంది చివరికి. "నా మొకంల దాగదు. మీరు ఎప్పుడూ భయపడలేదా?"

జైతూన్ బీ రుఖియా వైపు చూసింది. రుఖియా గుడ్డ ముడి బిగిస్తోంది.

జైతూన్ బీ ఆ కట్టు కట్టిన చేతినే తీసుకొచ్చి ఢోలక్ అంచు మీద, చెంచా పడే చోటుకి పక్కనే పెట్టింది.

"కొట్టు" అంది.

"ఉస్తానీ, దెబ్బ తాకింది."

"తెలుసు. కొట్టు."

ఇంకోసారి పడితే ఆ వేలు మళ్లీ వాయించదు. సాబిరా కళ్లెత్తింది. ఆ ముసలి భుజాన్ని చూసింది, ఆ కళ్లని చూసింది. చెంచా ఎత్తింది. పాట మొదటి నుంచి చివరిదాకా వెళ్లింది. ఎన్నిసార్లు ఆ చెయ్యి చెక్క మీదికి జారిందో అన్నిసార్లూ చెంచా గాలిలోనే ఆగింది. పాట అయిపోయేసరికి సాబిరా మెడ వెనక చెమట పట్టింది.

"దీన్ని ఆపేదెట్లనే?" అని కిటికీ దగ్గర నిలబడి ఫోనుని అడుగుతోంది రుఖియా. "నా మొకమే కనబడ్తంది ఇందుల. ఇంత ముసల్దాన్నయిన్నా నేను?"

సాబిరా ఇంటికి వచ్చేసరికి హాజ్రా ఇంకా మిషను మీదే ఉంది. సాబిరా వెళ్లి చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"రేపు మళ్ల తీద్దాం."

"నా వీపా, నా చెయ్యా?"

"ఏమో. కెమెరా ఏం చూస్తే అది. నేను దాని దిక్కు చూడను."

హాజ్రా సూది కింది బట్టని అలాగే పట్టుకుని ఆమె ముఖం చూసింది.

"చాచా ఏమన్న అంటె?"

"అంటడు."

"అంటె?"

"విందాం. ఇద్దరం విందాం."

మర్నాడు కమిటీ గది తాళం అడగడానికి సాబిరాయే వెళ్లింది. మొదటి వీడియో అక్కడే తీసింది.

"అయిపోయిందన్నవ్ గద?" అన్నాడు ఇక్బాల్ చాచా.

"మళ్ల తీస్తున్నం చాచా. హాజ్రా లేదు అందుల."

ఆయన తాళంచెవి జేబులోంచి తీశాడు కానీ ఇవ్వలేదు. "నేను చెప్పింది యాదికున్నదా?"

"యాదికున్నది."

ఆయన తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు. సాబిరా సలాం చెప్పి వచ్చేసింది.

గది లేకపోతే గల్లీ ఉంది. పట్టపగలు, తమ వాకిట్లోనే చాప పరిచి, ఎదురెదురుగా కూర్చున్నారు. ఫోనుని పక్కగా, ఒక స్టూలు మీద పెట్టారు. పక్క నుంచి తీస్తే ఇద్దరూ కనిపిస్తారని పెళ్లి వీడియోలు తీసే సాబిరాకి తెలియంది కాదు.

పాట మొదలైంది. గుమ్మాల్లోకి మనుషులు వచ్చారు. రెండు చరణాలు అయ్యాక ఎదురింటి వజీరా, గరిటె చేతిలోనే ఉంచుకుని, "ఏందే, ఒకల మొకం ఒకలు ఇయ్యాలనే చూస్తున్నట్టు చూస్తున్నరు" అంది.

ఢోలక్ పాటల్లో ఎదురుగా ఉన్నవాళ్ల పేరు పెట్టి ఏడిపించడం ఆడవాళ్ల అలవాటే. హాజ్రా చెంచా ఆపకుండా, పాట రాగంలోనే జవాబిచ్చింది:

*వాకిట్ల నిలవడ్డ వజీరా బేగం,*
*మా దిక్కు చూసుకుంట కూర మాడ్చుకున్నవ్.*

గల్లీ అంతా నవ్వింది. వజీరా నిజంగానే లోపలికి పరిగెత్తింది. సాబిరా నవ్వుతూనే ఊపు పెంచింది, హాజ్రా ఆమె భుజం చూస్తూ తాళం అందుకుంది. ఇద్దరిలో ఒక్కరూ స్టూలు వైపు చూడలేదు. అందువల్ల పాట సగంలో ఫోను కొంచెం పక్కకి ఒరిగిందని కూడా వాళ్లకి తెలియదు. వీడియోలో చివరి చరణం అంతా కాస్త వంకరగానే ఉంటుంది. సాబిరా దాన్ని సరిచెయ్యలేదు. చెంచా చప్పుడునీ ముట్టుకోలేదు.

ఆదివారం హాలు చిన్నదే కానీ నిండింది. ముందు వేరే దేశాల వాళ్ల వీడియోలు వేశారు. ఒకామె మెట్ల మీద ఒంటరిగా కూర్చుని గిటార్ వాయించింది. ఇంకోచోట నలుగురైదుగురు ఆడవాళ్లు వంటింట్లో గిన్నెలు తోముతూ ఒకే పాటని ఒకరి నోటి నుంచి ఒకరు అందుకున్నారు. బస్తీ నుంచి వచ్చినవాళ్లు ఆ నల్లటి ముఖాలని కదలకుండా చూశారు. మన షాహీన్ లెక్కనే ఉంది చూడు, అని ఎవరో గుసగుసలాడారు.

ఇక్బాల్ చాచా కూడా వచ్చాడు. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. జైతూన్ బీ, రుఖియా ముందు వరసలో ఉన్నారు. సాబిరా, హాజ్రా పక్కన కంప్యూటర్ బల్ల దగ్గర నిలబడ్డారు.

వాళ్ల పాట వచ్చింది. తెర మీద ఆ గల్లీ, ఆ చాప, ఆ ఇద్దరు. దాచిందేమీ లేదు. ఎలా చూసుకున్నారో అలాగే ఉంది.

పాట అయిపోయింది. తెర నల్లబడింది. మిగతావాటికి చప్పట్లు కొట్టినవాళ్లు దీనికి కొట్టలేదు. బస్తీవాళ్లు ఏం చేస్తారోనని వాళ్లు చూస్తున్నారు. బస్తీవాళ్లు ఇక్బాల్ చాచా ఏం చేస్తాడోనని చూస్తున్నారు. ఆయన లేచాడు. తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు.

సాబిరా పక్కన హాజ్రా వేళ్లు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

ముందు వరసలో జైతూన్ బీ కదిలింది. వెనక్కి తిరిగి ఎవరినీ చూడలేదు. గొంతు కూడా పెంచలేదు.

"మళ్ల పెట్టు బేటీ" అంది. "తలుపు కాడికి సరిగ్గ వినబడలేదు."

సాబిరా చెయ్యి కదిలేలోపే హాజ్రా పాటని మొదటికి తిప్పింది.