బొమ్మకు కుదిరిన పళ్లు

మీరే చెప్పండి, పళ్లు ఎవరికి కుదరాలి? తినేవాడి నోటికా, చేసినవాడి మాటకా?

నల్లవాగుకోటను ఏలే రాయభూపతికి ఒక్క పన్నూ మిగల్లేదు. అయినా జంతికలు తినాలని మనసు పుట్టింది. ఆస్థాన శిల్పి విశ్వరూపాచారిని పిలిచి పళ్ల వరస చెయ్యమన్నాడు.

ఏలినవారి నోట్లో పరాయి వేలు పెట్టకూడదని కోట ఆచారం. ఆచారి ఏమాత్రం కంగారు పడలేదు. సభలో నవ్వుతూ నిలబడ్డ రాజుగారి రాతిబొమ్మ నోటికి దారం పెట్టి కొలిచాడు. ఏనుగు దంతంతో చెక్కాడు. ముత్యాల్లా వచ్చాయి.

రాజు పెట్టుకుని "భేష్!" అన్నాడు. పళ్లు ఒళ్లో పడ్డాయి.

తర్వాత పప్పన్నంలో పడ్డాయి. పొరుగు రాయబారి ముందు పడ్డాయి. రాజు నోరు తెరిస్తే చాలు, సభంతా నేలకేసి చూడటం అలవాటు చేసుకుంది.

"పళ్లలో లోపం లేదు ప్రభూ," అన్నాడు ఆచారి. "బొమ్మకు పెట్టి చూశాను, అతికినట్టున్నాయి. మీ వంటవాడు సోమన్నే అన్నం పలుకుగా దించుతున్నాడు."

"మళ్లీ కంచంలో పళ్లు పడితే సోమన్న ఊరు విడిచి పోవాలి!" అని రాజు గర్జించాడు. ఆ గర్జనకే పళ్లు ఊడిపడ్డాయి. పడింది కంచంలో కాదు గనక సోమన్న ఆ పూటకి బతికిపోయాడు.

రాజుకు ఆకూ వక్కా దంచి తాంబూలం అందించే గంగసాని ఇదంతా చూసింది. మర్నాడు భోజనం వేళకి రాజుగారి కంచం తీసుకెళ్లి రాతిబొమ్మ ముందు పెట్టింది.

"ఇదేమిటే?" అన్నాడు రాజు.

"పళ్లు ఎవరికి కుదిరాయో వారికే వడ్డించాను ప్రభూ."

రాజు బొమ్మను చూశాడు. ఆచారిని చూశాడు. "మరి నా నోరు కొలిచేదెలా? ఆచారం ఒకటి ఏడిసింది కదా!"

"ముందు తాంబూలం పుచ్చుకోండి. నమలకండి, చిగుళ్లతో అదిమిపట్టండి."

రాజు అదిమాడు. అది తాంబూలం కాదు, ఆకులో మడిచిన గోరువెచ్చని తేనెమైనం. బయటికి తీసేసరికి పైచిగురూ కిందచిగురూ అచ్చు దిగాయి.

"ఆచారం మంటగలిపింది!" అని అరిచాడు ఆచారి.

"వేలు పోలేదు ఆచారిగారూ. తాంబూలం రోజూ పోయేదేగా? పనితనం మీదే. ఈసారి కొలత మాత్రం వారిది."

ఆచారి మూతి ముడుచుకుని చెక్కాడు. గంగసాని రాజు చేత మాట్లాడించింది, నమిలించింది, తుమ్మించింది. "ఎక్కడ ఒరుస్తోంది ప్రభూ?" అని అడిగి, ఒరిసినచోటల్లా ఆచారి చేత అరగదీయించింది.

ఆఖరికి సోమన్న జంతికలు వడ్డించాడు. సభలో కరకర వినిపించింది. కంచంలో జంతికలే ఉన్నాయి.

"ఏం కావాలో కోరుకోవే!" అన్నాడు రాజు.

"సోమన్న కొలువు పోకుండా ఉండాలి ప్రభూ. ఆచారిగారికి కొత్త చెప్పుల జత."

"ఆయనకి చెప్పులెందుకే?"

"కుట్టించేశాను కూడా ప్రభూ. కోటవాకిట రాతి ఏనుగు కాలికి పెట్టి చూశాను, అతికినట్టున్నాయి."

రాజు మెడలో హారం తీసి గంగసాని చేతిలో పెట్టి, కడుపు పట్టుకుని పగలబడి నవ్వాడు. సభంతా అలవాటుగా నేలకేసి చూసింది.

ఏమీ పడలేదు.

ఇక మీరు లేవండి. మీ ఇంట్లో కట్టుడుపళ్లు డబ్బాలో పెట్టి, పెరుగన్నం మింగుతున్నవాళ్లుంటే "అలవాటైపోతుందిలే" అనకండి. ఎక్కడ ఒరుస్తోందో అడగండి. కట్టిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, నోరు మళ్లీ చూడమనండి.