పీట మీద కండువా

అనగనగా, మేఘాలు కూడా కార్తె చూసుకుని కదిలే కాలాన, కుంభవరం అనే పట్నం ఒకటి ఉండేది. అక్కడ సొంత ఇళ్ళున్నవాళ్ళు తక్కువ, అద్దెకుండేవాళ్ళు ఎక్కువ. అందుకని పూర్వం ఒక రాజు బాగా ఆలోచించి ఒక కట్టడి చేశాడు. దాన్ని ఏడు కుండల కట్టడి అనేవారు.

అదేమిటో చెబుతాను వినండర్రా. ఏటేటా రోహిణి కార్తెలో, వానలు మొదలు కాకముందే, ఇల్లు అద్దెకిచ్చిన యజమాని ఆ ఇంటికొచ్చి నట్టింట్లో పీట వేసుకుని కూర్చోవాలి. అద్దెకున్నవాళ్ళు ఇంటి కప్పు మీద ఏడు కుండల నీళ్ళు పోయిస్తారు. పొడి ఒంటితో లేచాడా, తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోవచ్చు. తడిశాడా, కప్పు బాగయ్యేదాకా తానే ఆ ఇంట్లో ఉండాలి, అద్దెకున్నవాళ్ళు వెళ్ళి ఆయన ఇంట్లో ఉంటారు. తన నెత్తిన పడితే తప్ప చినుకు చల్లదనం ఎవరికీ తెలియదని ఆ రాజుకు బాగా తెలుసు.

అయితే ఎంత మంచి కట్టడికైనా ఒక సందు ఉంటుంది కదా. యజమాని జబ్బుపడి కదలలేకపోతే, తన బదులు తన కండువా పంపవచ్చు. కండువా కూర్చుంటే మనిషి కూర్చున్నట్టే అని కుంభవరంలో అందరూ ఒప్పుకున్న మాట. పెళ్ళికి రాలేని మేనమామ కండువా పంపితే దాన్నే పీట మీద పెట్టి, దానికే బొట్టు పెట్టి, కొత్తబట్టలు పెట్టేవారు.

ఆ పట్నంలో నాంచారమ్మ అనే ముసలమ్మ ఉండేది. పాతచీరలతో బొంతలు కుట్టి బతికేది. ఆమెకున్న దిక్కల్లా ఎనిమిదేళ్ళ మనవరాలు వరాలు. ఇద్దరూ పానకాలయ్య అనే ఆసామి ఇంట్లో అద్దెకుండేవారు. పానకాలయ్యకు తొమ్మిది ఇళ్ళు. తానుండే ఇంటికి రెండు వరసల పెంకు వేయించుకున్నాడు. మిగిలిన ఎనిమిదిళ్ళకూ దేవుడే దిక్కు.

మొదటి ఏడు రోహిణి కార్తె వచ్చింది. పానకాలయ్య రాలేదు. నడుం పట్టేసిందని కబురుచేసి, ఎర్రంచు కండువా పంపాడు. నాంచారమ్మ దాన్ని పీట మీద మర్యాదగా పెట్టింది. పక్కింటి గంటాలమ్మ కొడుకులు పైకెక్కి నీళ్ళు పోశారు. మూడో కుండకే కండువా ముద్దయిపోయింది.

నాంచారమ్మ దాన్ని పడమటి గోడకున్న కొయ్యకు ఆరేసి, కాస్త ఆరాక తీసుకెళ్ళి పానకాలయ్యకిచ్చింది. "తడిసిందండీ. పెంకు తిరగవేయించండి" అంది.

"తడిసింది కండువా. నేను కాదుగా" అన్నాడాయన. నడుం పట్టేసిన మనిషి వీధి అరుగు మీద నిక్షేపంగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎండ మాడిపోతోంది. అయినా ఆయన ఎడమ భుజం మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుంటున్నాడు, మళ్ళీ కారుతున్నాయి. చెమటేమో అనుకుని నాంచారమ్మ వచ్చేసింది.

ఇంటికొచ్చి చూస్తే, కండువా ఆరేసిన చోట గోడ మీద తడి మచ్చ కనిపించింది. రెండు భుజాలూ, ఒక మెడా ఉన్నట్టుంది. మర్నాటికి ఆరుతుందిలే అనుకుంది. ఆరలేదు. ఎండాకాలమంతా ఆరలేదు.

రెండో ఏడు అల్లుడొచ్చాడని కబురుచేసి, పసుపుపచ్చ కండువా పంపాడు. అల్లుడు రావడం ఏం జబ్బో మీరే చెప్పండి. అదీ తడిసింది. నాంచారమ్మ మళ్ళీ వెళ్ళి అడిగితే, "ఆ ఇంట్లో ఉండమని నిన్ను బొట్టుపెట్టి పిలిచానా? ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యి" అన్నాడు. అంటూనే దగ్గాడు. ఆ దగ్గు విని నాంచారమ్మ వెనక్కి తిరిగి చూసింది. నిరుటి వానల నుంచీ వరాలు దగ్గుతున్న దగ్గే అది. ముందు రెండుసార్లు పొడిగా, ఆ తర్వాత ఒకసారి లోపలికి లాగుతూ, అచ్చం అలాగే ఉంది.

ఆ ఏడు మచ్చకు ముఖం వచ్చింది. పెద్ద ముక్కు, జారిన మీసం, మూసిన కళ్ళు.

"అవ్వా, గోడలో తాత నిద్రపోతున్నాడు" అంది వరాలు. పిల్లకు భయం లేదు. భయమంతా నాంచారమ్మదే. కుట్టుకుంటున్నంతసేపూ ఆ మచ్చకు వీపు పెట్టి కూర్చునేది, వీపు మీద చల్లగా ఎవరో ఊదినట్టయ్యేది. ఖాళీ చేసి పోదామంటే దగ్గే పిల్లను చూసి ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. ధర్మాసనానికి వెళదామంటే, ఉన్న కప్పు కాస్తా పోతుందేమోనని బెంగ. తడి కప్పయినా కప్పే కదా అని సరిపెట్టుకుంది. బీదవాళ్ళు అలాగే సరిపెట్టుకుంటారు, ఏం చేస్తారు.

మూడో ఏడు వచ్చేసరికి వరాలు చిక్కి సగమయింది. వైద్యుడు నాడి చూసి, నాంచారమ్మను బయటికి పిలిచాడు. "మందుదేముందమ్మా, ఇస్తాను. కానీ ఈ చెమ్మలో ఇంకొక్క వానాకాలం గడిస్తే పిల్ల నీకు దక్కదు" అన్నాడు.

ఆ ఏడు పానకాలయ్య జబ్బు పేరు కూడా చెప్పలేదు. తెల్ల కండువా ఒకటి మనిషి చేత విసిరేయించాడు. ఏడు కుండలూ పోశాక అది పీట మీద నీళ్ళలో తేలింది. నాంచారమ్మ దాన్ని పట్టుకెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి బతిమాలింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆయన మెడ కింద పచ్చగా పాచి పట్టి ఉంది. ఆయన గోక్కుంటూ అటు తిరిగి కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో పురుగు కూడా కదలడం లేదు. నాంచారమ్మ గడపలో అడుగుపెట్టింది. గోడ మీది మచ్చ కళ్ళు తెరిచి ఉంది.

"చలేస్తోంది" అంది మచ్చ. పానకాలయ్య గొంతే.

నాంచారమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. మంచం మీద నుంచి వరాలు మాత్రం, "నాక్కూడా తాతా" అంది.

ముసలమ్మ పరుగున పోయి గంటాలమ్మను పిలుచుకొచ్చింది. గంటాలమ్మ గుమ్మంలోంచే తొంగిచూసి, చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికెళ్ళి జానెడు మేకు, సుత్తీ తెచ్చి నాంచారమ్మ చేతిలో పెట్టింది.

"అది కండువా వెంట వచ్చిన ఆయన అంశ వదినా. మూడేళ్ళూ తనే కూర్చున్నట్టు ఒప్పుకుని కండువా పంపాడా, ఇల్లు ఆ మాట పట్టుకుంది. గుండెల మీద ఈ మేకు దిగ్గొట్టు. అక్కడ ఆయన పోతాడు, ఇక్కడ నీ పీడ విరగడవుతుంది."

నాంచారమ్మ మేకు అందుకుంది. గోడ దగ్గరికి వెళ్ళింది. కోపం లేదని నేననను. వరాలు పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి, కోపం రాకుండా ఎలా ఉంటుంది? మేకు మొన మచ్చ గుండెల మీద ఆన్చింది. గోడ లోపల కొట్టుకుంటున్నది ఆమె వేళ్ళకు తెలిసింది.

"చలేస్తోంది" అంది మచ్చ మళ్ళీ.

నాంచారమ్మ మంచం మీది పిల్లవైపు చూసింది. తర్వాత మేకు తీసి, మచ్చ తలకు జానెడు పైన కొట్టింది. తాను అప్పుడే కుట్టి ముగించిన బొంత తెచ్చి దానికి తగిలించి, మచ్చను మెడదాకా కప్పింది.

"ఇదేం పనే వదినా" అంది గంటాలమ్మ.

"నాకు కావలసింది ఆయన ప్రాణం కాదమ్మా, కప్పు. ఆయన పోతే కప్పు ఎవరు వేయిస్తారు? పద, నాతో ధర్మాసనానికి రా. ఇన్నాళ్ళూ వెళ్ళకపోవడమే నేను చేసిన తప్పు."

ధర్మాసనం ముందు పట్నమంతా మూగింది. పానకాలయ్య మిగిలిన ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళు కూడా వచ్చి వెనకాల నిలబడ్డారు. పానకాలయ్యను పిలిపించారు. ధర్మాధికారి ముసలాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"మూడేళ్ళ నుంచి ఏడు కుండల పీట మీద కూర్చోలేదట. నిజమేనా?" అని అడిగాడు.

పానకాలయ్య నవ్వాడు. "కూర్చోకేమండీ. మూడేళ్ళూ కండువా పంపాను. కండువా కూర్చుంటే మనిషి కూర్చున్నట్టే. ఇది మన తాతల నాటి మాట. నేను కట్టడి తప్పలేదు."

ధర్మాధికారి నాంచారమ్మ వైపు చూశాడు. "ఏమమ్మా, ఒప్పుకుంటావా?"

నాంచారమ్మ ముందుకొచ్చింది. చేతులు జోడించి సూటిగా అడిగింది. "ఒప్పుకుంటానయ్యా. మూడేళ్ళూ కూర్చున్నది పానకాలయ్యగారే. అయితే తడిసిందెవరో కూడా ఆయన్నే చెప్పమనండి."

పానకాలయ్య గభాలున అన్నాడు. "ఇంకెవరు, కండువా."

"కూర్చున్నది నువ్వూ, తడిసింది కండువానా?" అన్నాడు ధర్మాధికారి.

సభలో ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. ఎందుకంటే పానకాలయ్య కాళ్ళ చుట్టూ నీళ్ళు చేరుతున్నాయి. కండువా అంచుల నుంచీ, మోచేతుల నుంచీ, మీసం కొసల నుంచీ బొట్టు బొట్టుగా కారుతున్నాయి. బయట ఆకాశంలో మబ్బు తునక లేదు. కూర్చోలేదంటే కట్టడి తప్పినట్టు, కూర్చున్నానంటే తడిసినట్టు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. 

"తడిసినవాడు తడిసిన ఇంట్లోనే ఉండాలి. ఈ పూటే" అన్నాడు ధర్మాధికారి.

అలా ఆ సాయంత్రానికి వరాలు రెండు వరసల పెంకు కింద, పొడి మంచం మీద పడుకుంది. పానకాలయ్య గొడుగు పట్టుకుని చెమ్మ ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ సూదులూ దారాలూ మరిచిపోయానని తెచ్చుకోవడానికి వెళ్ళింది. పానకాలయ్య నట్టింట్లో పీట మీద కూర్చుని గోడవైపే చూస్తున్నాడు. గోడలో ఉన్నది ఆయనవైపే చూస్తోంది. ముక్కుకు ముక్కు, మీసానికి మీసం. ఆయన పెదవులు కదిలాయి, మాట మాత్రం గోడలోంచి వచ్చింది.

"నిన్న మిట్టమధ్యాహ్నం నా అరుగు మీద కూర్చుని వణికిపోతున్నాను. ఉన్నట్టుండి ఎవరో మెడదాకా బొంత కప్పినట్టయింది. మూడేళ్ళలో నాకు వెచ్చగా ఉన్నది ఆ ఒక్క పూటే. ఈ బొంత తగిలించింది నువ్వేనా?"

"నేనేనండి."

"ఎందుకు తల్లీ? నేను నీకు ఏం చేశానని?"

"చలేస్తోందన్నారు కదండీ" అంది నాంచారమ్మ. సూదుల పెట్టె తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

పానకాలయ్య ఆ పీట మీద కూర్చుని ఏడ్చాడు. మూడేళ్ళూ ముసలమ్మ తన దగ్గరికి కండువా తెచ్చి అడిగిన మాట కూడా అదే. చలేస్తోందనే. తాను వినలేదు.

ఆ మధ్యాహ్నమే పెంకులు వచ్చాయి. పనివాళ్ళతో పాటు తానూ నిచ్చెనెక్కాడు. కుళ్ళిన వాసాలు తీయించాడు, దూలం మార్పించాడు. మృగశిర మొదటి చినుకు పడేలోగా ఆఖరి పెంకు పెట్టించాడు. ఒక్కొక్క పెంకు పడేకొద్దీ గోడ మీద మచ్చ ఒక్కొక్క అవయవం ఆరుతూ వచ్చింది. ముందు భుజాలు పోయాయి, తర్వాత మీసం, తర్వాత కళ్ళు. ఆయన గొంతు ఆయన నోట్లోకి తిరిగొచ్చింది. వరాలుకు ఆ వానాకాలంలో దగ్గు తగ్గింది.

అవ్వా మనవరాలూ ఇంటికి తిరిగొచ్చారు. మచ్చంతా పోయిందిగానీ, ఒక్కటి మాత్రం ఎంత సున్నం కొట్టినా పోలేదు. అది చెవి. పడమటి గోడ మీద, మేకు కింద, అరచేయంత తడి చెవి.

అప్పటి నుంచి ప్రతి రోహిణి కార్తెలోనూ పానకాలయ్య తన ఎనిమిది అద్దె ఇళ్ళకూ తానే వచ్చి, కండువా నడుముకు చుట్టుకుని, పీట మీద కూర్చునేవాడు. మిగిలిన యజమానులు కూడా కండువాలు పంపడం మానుకున్నారు. ఎవరింటి గోడలో ఎవరు నిద్రపోతున్నారో ఎవరికి తెలుసు? ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరైనా చలేస్తోందని గొణిగితే, ఆ చెవి కాస్త ఇటు తిరుగుతుందని చెబుతారు.

ఇల్లు అద్దెకిచ్చినవాడు నీడ కూడా ఇచ్చి తీరాలి; ఆ నీడ అడగడం పగా కాదు, బిచ్చమూ కాదు, అది అద్దెకున్నవారి హక్కు.