మంచులో పూడ్చిన గొయ్యి

"అబద్ధమాడలేదని గర్వంగా చెబుతున్నావా, విరూపాక్షం? నీ నోరు శుభ్రంగానే ఉంది. సున్నం పూసిన చెయ్యి మాటేమిటి?" అన్నారు గురువుగారు.

విరూపాక్షం ఆశ్రమంలో సత్రం పనులు చూసే శిష్యుడు. యాత్రికులు పడుకునే గదిలో గోడ పగిలితే, ఉత్సవం దగ్గరపడిందని పగులు మీద సున్నం పూసి ఊరుకున్నాడు. సంగతి బయటపడ్డాక, "ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అడగనిది చెప్పకపోవడం కూడా దోషమేనా స్వామీ?" అన్నాడు. దానికే ఆ గద్దింపు. గురువుగారు ఆపైన వాదించలేదు. యాత్రికులను వేరే గదిలోకి మార్పించి, శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, వయసులో ఉండగా హిమాలయాల్లో తాము కళ్ళారా చూసింది చెప్పారు.

ఆ రోజుల్లో గౌరినాయుడనే శ్రీకాకుళం మనిషి, పటాలంలో పనిచేసి వచ్చినవాడు, మన వాళ్ళను ఒక కనుమ మీదుగా పై గుడికి నడిపించుకుపోయేవాడు. బయలుదేరిన గుంపును ఏనాడూ వెనక్కి తిప్పలేదని అతనికి పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. ఆ ఏడు వైశాఖం వచ్చినా మంచు కురుస్తూనే ఉంది. గుడి తలుపులు తెరిచేనాటికి చేరుస్తానని నాయుడు అందరికీ మాట ఇచ్చాడు.

కనుమ కింద ఎండ తగలని వాలు ఒకటి అడ్డంగా దాటాలి. అక్కడి కొండవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. దాటేముందు వాలు అంచున నడుములోతు గొయ్యి తవ్వుతారు. మంచు ఏ పొర మీద ఏ పొర కూర్చుందో దాటబోయే ప్రతివాడూ చేత్తో తాకి చూడాలి. ఒక్కడు వద్దన్నా అందరూ వెనక్కి తిరగాలి.

నాయుడు గొయ్యి తవ్వాడు. పైన గాలికి పలకలా బిగిసిన కొత్త మంచు. దాని అడుగున బొంబాయి రవ్వలాంటి పొర. గుప్పెట పట్టి పిసికినా ముద్ద కాలేదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. పైన ఉన్న బరువంతా ఆ రవ్వ మీదే నిలబడి ఉంది. అడుగు పడితే వాలంతా జారిపోవచ్చని అతనికి తెలుసు. గుంపు ఇంకా కొంచెం దూరంలో ఉంది. పారతో గొయ్యి పూడ్చేశాడు.

ముందుగా వచ్చినవాడు అతని బావమరిది అప్పలస్వామి. అతని వెనకే గురువుగారు.

"ఏటి బావా, గొయ్యి కప్పెట్టీసినావు? మాకు సూపించవా?"

"గేదెను కొంటన్నావేటిరా, పళ్ళు సూడ్డానికి? ముందు నడిసేది నేనే కదా!"

అందరూ నవ్వారు. అప్పలస్వామీ నవ్వాడు. రవ్వ లేదని నాయుడు అనలేదు. ఉందనీ అనలేదు.

ఒక్కొక్కరుగా దాటాలి గనక నాయుడు ముందు దాటాడు. వాలు కదలలేదు. అవతలి బండ ఎక్కి, రమ్మని చెయ్యి ఊపాడు. అప్పలస్వామి బరువైన మూటతో అతని అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ నడిచాడు. సగం దూరం పోయాడు. ధాన్యం బస్తా నేల మీద పడేసినట్టు మంచు లోపల చప్పుడైంది. అతని తలకు పైన అడ్డంగా ఒక చీలిక పరుగెత్తింది. వాలు వాలంతా పలకలుగా విరిగి లోయలోకి జారింది.

పారలతో, పళ్ళేలతో, చేతులతో తవ్వారు. దొరికేసరికి ఊపిరి లేదు.

దహనం అక్కడే చేశారు. అస్థికలు తీసుకుని నాయుడు ఇంటికి వెళ్తుంటే గురువుగారు తోడు వెళ్ళారు. నాయుడి భార్య సన్యాసమ్మ అప్పలస్వామికి అక్క. తల్లి పోతే తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమె ఒక్కటే అడిగింది. "ఆ గోతిలో నువ్వేటి సూసినావు?"

నాయుడు చెప్పాడు. ఆమె తిట్టలేదు, శాపం పెట్టలేదు. ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

గురువుగారు చెప్పడం ఆపారు. విరూపాక్షం, "ఆయనకేం శిక్ష పడింది స్వామీ?" అని అడిగాడు.

"ఏమీ పడలేదు. ఆ ఇంట్లోనే ఉన్నాడు, ఆమే వండి పెడుతుంది. మొన్న ఆ దారిన వెళ్ళి ఒక పూట ఉన్నాను. వీధి తలుపు గడియ వేశానని నాయుడు చెప్పాడు. ఆమె తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్ళి, గడియ పడిందో లేదో చూసి వచ్చింది."